ఏడు రంధ్రాల బిళ్ల

వెడల్పు 16 మిల్లీమీటర్లు, ఎత్తు 11. నిలువునా ఏడు రంధ్రాలు: నడిమధ్య ఒకటి, దాని చుట్టూ ఆరు. బూడిద రంగులో లేత ఆకుపచ్చ ఛాయ. పింగాణీ జాతి వస్తువు, చేతిలోకి తీసుకుంటే గట్టిగా, కాస్త గరుకుగా తగులుతుంది. మీథేన్‌ను సింథసిస్ గ్యాస్‌గా మార్చే ఉత్ప్రేరకాల్లో బాగా వాడుకలో ఉన్న ఆకారాల్లో ఇదొకటి. ఈ మార్పు జరిగే కొలిమిని రిఫార్మర్ అంటారు. ఇలాంటి బిళ్లలు దాని ఒక్కో గొట్టంలో దాదాపు ముప్పై వేలు పడతాయి. గొట్టాలేమో వందల్లో ఉంటాయి. కోరుట్లకూ సిరిసిల్లకూ నడుమ ఉన్న కథలాపూర్‌లో వరికి, మక్కకు, పసుపుకు చల్లే యూరియాలోని నత్రజని చాలావరకు ఇలాంటి బిళ్లల వరస దాటిన గ్యాస్ పుణ్యమే.

కథలాపూర్‌కు తూర్పున, పక్కనున్న పెద్దపల్లి జిల్లాలోనే ఆ పని జరుగుతోంది. రామగుండంలో ఎరువుల కర్మాగారం కొత్తదేమీ కాదు. 1980లో మొదలైన పాత ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కర్మాగారం సింగరేణి బొగ్గు మీద నడిచేది. బొగ్గును పిండి చేసి, ఆక్సిజన్‌తోనూ ఆవిరితోనూ కలిపి, కాపర్స్-టోట్సెక్ గ్యాసిఫయర్లలో మండించి సింథసిస్ గ్యాస్ తీసేవారు. ఆ తొలి అంచెలో ఉత్ప్రేరకం అవసరమే లేదు, మంటే అంతా చేసేది. 1999లో అది మూతపడింది. అదే చోట నిలబెట్టిన రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. దీనికి బొగ్గు బదులు తూర్పు తీరంలోని మల్లవరం వైపు నుంచి పైపులైనులో సహజవాయువు వస్తుంది. అమ్మోనియా విభాగానికి డెన్మార్క్‌కు చెందిన హాల్డర్ టాప్సో పరిజ్ఞానం తీసుకున్నారు. రోజుకు 2200 టన్నుల అమ్మోనియా, 3850 టన్నుల యూరియా దీని సామర్థ్యం. అంత అమ్మోనియాలో హైడ్రోజన్ వంతు లెక్క కడితే 388 టన్నులు. రోజూ అంత హైడ్రోజన్‌ను మీథేన్ నుంచి, నీటి ఆవిరి నుంచి విడదీయాలి. బొగ్గు నుంచి గ్యాస్‌కు మారడమంటే భారమంతా మంట మీద నుంచి ఈ బిళ్ల మీదికి రావడమే.

మీథేన్ మొండి పదార్థం. ఒక కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు సమానంగా, బిగువుగా అమరి ఉంటాయి. పట్టుకోవడానికి కొక్కెంలాంటి భాగం ఎక్కడా ఉండదు. దానికి నీటి ఆవిరి కలిపి బాగా వేడి చేస్తే ఒక అణువు కార్బన్ మోనాక్సైడ్, మూడు అణువుల హైడ్రోజన్ వస్తాయి. ఈ రెండింటి మిశ్రమమే సింథసిస్ గ్యాస్. అమ్మోనియాకూ, మిథనాల్‌కూ, కృత్రిమ డీజిల్‌కూ ఇదే ముడిసరుకు. ఈ చర్య వేడిని మింగేస్తుంది. అందుకే బిళ్లలు నింపిన గొట్టాలను కొలిమిలో నిలువుగా వేలాడదీసి, చుట్టూ బర్నర్లతో కాలుస్తారు. గ్యాస్ పైన దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర గొట్టంలోకి దిగి, అడుగున 800 డిగ్రీల దరిదాపుల్లో బయటికి వస్తుంది. లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి ముప్పై రెట్లు ఉంటుంది. ఒక్కో గొట్టం పన్నెండు మీటర్ల పొడవు, జానెడు కంటే తక్కువ వెడల్పు.

మీథేన్‌ను విడగొట్టే లోహం కోసం పెద్దగా వెతుక్కోవాల్సిన పని పడలేదు. నికెల్ మీద హైడ్రోజన్ చర్యలను పరిశోధించిన ఫ్రెంచి రసాయనవేత్త పాల్ సబాటియేకు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. మీథేన్‌ను ఆవిరితో సంస్కరించడానికి, అంటే సింథసిస్ గ్యాస్‌గా మార్చడానికి, నికెల్‌ను వాడే పద్ధతిని జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ రసాయనవేత్తలు ఆ రోజుల్లోనే పేటెంట్ చేశారు. 1930ల మొదట్లో అమెరికాలో అది పరిశ్రమగా నడిచింది. రోడియం, రుథీనియం నికెల్ కంటే చురుకైనవే. కానీ వాటి ధరకు టన్నుల కొద్దీ బిళ్లలు చేయడం కుదరదు. కాబట్టి లోహం ఏదన్న ప్రశ్న వందేళ్ల కిందటే తీరింది. ఆ తర్వాత ఈ రంగంలో జరిగిన పనిలో సింహభాగం వేగం కోసం కాదు, మన్నిక కోసం. నికెల్ మొదటి గంటలో చేసిన పనిని నాలుగేళ్ల తర్వాత కూడా చేయాలి. అసలు నేర్పు అక్కడే ఉందని నేననుకుంటాను. ఆ నేర్పు బిళ్ల ఆకారం దగ్గరే మొదలవుతుంది.

ఈ చర్య ఎంత వేగంగా జరుగుతుందంటే, మీథేన్ బిళ్ల లోపలికి ఇంకే లోపే పై పొరలోనే ఖర్చయిపోతుంది. బిళ్లలోని నికెల్‌లో నూటికి పది వంతులు కూడా పనిలో పాల్గొనవు. మిగతాది లోపల ఊరికే ఉంటుంది. అలాగైతే బిళ్లను చిన్నది చేసి పై పొరను పెంచవచ్చు. కానీ చిన్న బిళ్లలు గొట్టంలో ఒత్తుగా కూరుకుపోయి గ్యాస్‌కు దారి ఇవ్వవు, ఆ అడ్డును దాటించడానికి కంప్రెసర్ ఎక్కువ శ్రమపడాలి. దీనికి విరుగుడే రంధ్రాలు. బిళ్ల పరిమాణం పెద్దదిగానే ఉంటుంది, గ్యాస్ తగిలే చర్మం మాత్రం పెరుగుతుంది. ఒక్క రంధ్రమున్న ఉంగరంతో మొదలై నాలుగు, ఏడు, పది రంధ్రాల దాకా వచ్చారు. రంధ్రాలు ఎక్కువైతే మధ్య గోడలు పలచబడి బిళ్ల నలిగిపోతుంది. ఎన్ని రంధ్రాలు, ఎంత గోడ అన్నది అచ్చు చేసేవాడి లెక్క.

నలగడం చిన్న సంగతి కాదు. వేడెక్కినప్పుడు లోహపు గొట్టం బిళ్లల కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది. గొట్టం లావైనప్పుడు బిళ్లలు కిందికి సర్దుకుంటాయి. కొలిమి ఆర్పితే గొట్టం మళ్లీ బిగుసుకుంటుంది, అప్పటికే కిందికి దిగి కూర్చున్న బిళ్లలకు తప్పుకునే చోటుండదు. ప్రతి షట్‌డౌన్‌లోనూ గొట్టం వాటిని పిండుతుందన్నమాట. చితికిన బిళ్ల పిండి గ్యాస్ దారిని మూసేస్తుంది. గ్యాస్ పారని గొట్టంలో వేడిని మింగే చర్య ఆగిపోతుంది. చర్య ఆగితే గొట్టం గోడే వేడెక్కుతుంది. ఆ గోడలు పాతిక శాతం క్రోమియం, ముప్పై అయిదు శాతం నికెల్, పిసరంత నియోబియం కలిపి, తిరిగే అచ్చులో పోతపోసినవి. లక్ష గంటలు, అంటే పదకొండేళ్లకు పైగా మన్నేలా వాటిని రూపొందిస్తారు. గోడ ఉష్ణోగ్రత ఉండాల్సినదానికంటే ఇరవై డిగ్రీలు పెరిగితే ఆ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఒక్క బిళ్ల చితికితే అంతదూరం పోతుంది వ్యవహారం.

బిళ్లలో నికెల్ ఆక్సైడ్ వంతు పది నుంచి ఇరవై శాతం లోపు. మిగతాదంతా ఆధారం, అంటే నికెల్‌ను మోసే పీఠం. దీన్ని దేనితో చేయాలన్నది నికెల్‌ను ఎంచుకోవడం కంటే కష్టమైన ప్రశ్న. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే గామా అల్యూమినాలో గ్రాముకు వందల చదరపు మీటర్ల లోపలి వైశాల్యం ఉంటుంది. కానీ వేడిలో, ఆవిరిలో అది నిలవదు. రూపం మార్చుకుని ఆల్ఫా అల్యూమినా అవుతుంది, లోపలి సందులు కూలిపోతాయి, వాటిలో కూర్చున్న నికెల్ పూడుకుపోతుంది. సిలికాతో మరో తంటా. ఎత్తైన పీడనంలో ఆవిరి తగిలితే విడిగా ఉన్న సిలికా ఆవిరిగా మారి గ్యాస్‌తో పాటు కొట్టుకుపోతుంది. రిఫార్మర్ తర్వాత వచ్చే బాయిలర్ గొట్టాలు చల్లగా ఉంటాయి గనక అక్కడ పేరుకుంటుంది. మెగ్నీషియాకు ఆ దోషం లేదు. కానీ చల్లగా ఉండగా ఆవిరి తగిలితే అది నీటిని పట్టుకుని ఉబ్బి బిళ్లను లోపలి నుంచి చీలుస్తుంది.

మెగ్నీషియానూ అల్యూమినానూ కలిపి బాగా కాలిస్తే రెండూ ఒకే స్ఫటిక నిర్మాణంలో ఒదుగుతాయి. దాన్ని మెగ్నీషియం అల్యూమినేట్ స్పినెల్ అంటారు. ఇందులో విడి మెగ్నీషియా ఉండదు, అందువల్ల ఆవిరికి ఉబ్బదు. అల్యూమినా ముందే తన స్థిరరూపానికి చేరి ఉంటుంది గనక ఇక మారదు. సిలికా అసలే లేదు. లోపలి వైశాల్యం గ్రాముకు పది, ఇరవై చదరపు మీటర్లకు తగ్గిపోతుంది గానీ, పని చేసేది పై పొర ఒక్కటే గనక ఆ నష్టం పెద్దగా బాధించదు. కొలిమిలో జరగబోయే కూలుడంతా బిళ్లలు తయారయ్యే కర్మాగారం బట్టీలోనే జరిపించేసి, కూలగా మిగిలిన గట్టిదాన్నే గొట్టంలోకి పంపడం దీని వెనకున్న ఆలోచన. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చిన తెలివి ఇదే.

తయారీ ఇలా సాగుతుంది. ముందు పీఠానికి కావలసిన ఆక్సైడ్ల పొడిని తడిపి, పిసికి, జారుడు కోసం కాస్త గ్రాఫైట్‌లాంటిది కలిపి, ఏడు సూదులున్న అచ్చులో అదుముతారు. ఆ పచ్చి బిళ్లలను వెయ్యి డిగ్రీలకు పైన కాలుస్తారు. కాలిన బిళ్లలను నికెల్ నైట్రేట్ ద్రావణంలో ముంచితే సన్నని సందుల గుండా ద్రావణం లోపలికి పీల్చుకుంటుంది. తీసి ఆరబెట్టడంలో ఓపిక చాలా అవసరం. తొందరపడితే ద్రావణమంతా పైకి లాక్కొచ్చి నికెల్ ఒక మందపాటి పెంకులా కడుతుంది. ఆరాక మళ్లీ కాలిస్తే నైట్రేట్ విడిపోయి నికెల్ ఆక్సైడ్ మిగులుతుంది. కావలసినంత నికెల్ ఎక్కేదాకా ముంచడం, కాల్చడం మరోసారి చేస్తారు. ఈ దశలో బిళ్లకు ఇంకా పని చేసే శక్తి లేదు. గొట్టంలో నింపాక హైడ్రోజన్‌తో, ఆవిరితో వేడి చేసి ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేస్తే లోహపు నికెల్ బయటపడుతుంది. ఆకుపచ్చ ఛాయ పోయి బిళ్ల నల్లబడుతుంది.

ఇప్పుడు పీఠం మీద కోట్ల కోట్ల నికెల్ స్ఫటికాలు ఉన్నాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో లక్షో వంతు వెడల్పు మొదలుకుని అంతకు కొన్ని రెట్ల దాకా. వాటికి స్థిమితం ఉండదు. నికెల్ కరిగేది 1455 డిగ్రీల దగ్గర. కానీ ఏ లోహమైనా కరిగే ఉష్ణోగ్రతలో సగానికి చేరేసరికి, పరమశూన్యం నుంచి కొలిస్తే, లోపలి పరమాణువులు కూడా కదలడం మొదలుపెడతాయి. నికెల్‌కు ఆ గీత 590 డిగ్రీల దగ్గర ఉంది. రిఫార్మర్ అడుగున ఉన్న వేడి దానికి రెండు వందల డిగ్రీలు పైనే. చిన్న స్ఫటికాలు పాకి పక్కవాటితో కలుస్తాయి, పెద్దవి చిన్నవాటిని మింగుతాయి. ఎత్తైన పీడనంలోని ఆవిరి ఈ పాకుడును ఇంకా తొందర చేస్తుంది. దీన్ని పూర్తిగా ఆపడం ఎవరివల్లా కాలేదు. సందుల పరిమాణంతో హద్దు గీయడం మాత్రం కుదిరింది. పీఠంలోని సందుకంటే పెద్దదిగా స్ఫటికం ఎదగలేదు. అందుకని ముందే సందుల కొలతను ఎంచుకుంటారు. మొదటి రోజుల్లో చురుకుదనం గబగబా కొంత పడిపోయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాదాపు అదే మట్టాన నిలబడుతుంది. కర్మాగారాన్ని రూపొందించేవాళ్లు నమ్ముకునేది ఆ రెండో మట్టాన్నే.

కార్బన్‌తో వచ్చే ముప్పు ఇంతకంటే పెద్దది. మీథేన్‌లోని హైడ్రోజన్లను నికెల్ ఒక్కొక్కటిగా ఊడదీస్తుంది. చివరికి మిగిలిన ఒంటరి కార్బన్‌కు ఆవిరి నుంచి ఆక్సిజన్ దొరికితే కార్బన్ మోనాక్సైడ్‌గా లేచిపోతుంది. దొరకకపోతే నికెల్‌లో కరిగిపోతుంది. స్ఫటికం ఒక వైపు నుంచి కార్బన్ లోపలికి దిగి, అడ్డంగా ప్రయాణించి, పీఠానికి ఆనుకున్న వైపు గ్రాఫైట్ పొరలుగా బయటికొస్తుంది. పొర మీద పొర పేరుకుని గొట్టంలాంటి సన్నని పోగు పుడుతుంది. ఆ పోగు నికెల్ స్ఫటికాన్ని పీఠం నుంచి పెకలించి, తన కొన మీద మోసుకుంటూ ఎదుగుతుంది. నికెల్ చచ్చిపోదు, కొన మీద కూర్చుని ఇంకా పని చేస్తూనే ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చురుకుదనం తగ్గలేదు కదా అని కంట్రోల్ రూములో ఎవరికీ అనుమానం రాదు. లోపల పోగుల ఒత్తిడికి బిళ్ల బద్దలయ్యాకే సంగతి బయటపడుతుంది.

2004లో డెన్మార్క్ పరిశోధకులు ఈ పోగు పుట్టుకను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద, మీథేన్ పారుతుండగానే, పరమాణువుల స్థాయిలో చూడగలిగారు. గుండ్రటి నికెల్ కణం పోగులోపల సాగుతుంది, సాగుతుంది, ఇక సాగలేనంత అయ్యాక ఒక్కసారిగా ముడుచుకుని మళ్లీ గుండ్రమవుతుంది. మళ్లీ సాగుతుంది. గ్రాఫైట్ పొరలు మొదలయ్యే చోటు కూడా వాళ్లకు కనిపించింది. నికెల్ ఉపరితలంలో పరమాణువు ఎత్తున ఉండే మెట్ల అంచులే ఆ చోట్లు. శత్రువు ఇంట్లోకి దిగే గుమ్మం ఎక్కడుందో తెలిశాక దాన్ని మూయడం ఎలాగన్నది తర్వాతి పని.

అందరికీ తెలిసిన మూత ఆవిరే. లెక్క ప్రకారం ఒక మీథేన్ అణువుకు ఒక నీటి అణువు చాలు. కర్మాగారాల్లో మూడింటి దాకా పంపుతారు. మిగిలే ఆవిరిని కాచడానికి ఇంధనం ఖర్చవుతుంది, అదంతా కార్బన్‌కు భయపడి కట్టే సుంకం. ఉత్ప్రేరకం ఎంత గట్టిదైతే ఆ సుంకం అంత తగ్గుతుంది. ఇంకో మూత పొటాష్. అది ఆవిరిని బిళ్ల మీద పట్టి ఉంచి, పుట్టిన కార్బన్‌ను పుట్టినట్టే కాల్చేయిస్తుంది. కానీ పొటాష్ అంత వేడికి ఆగదు, ఎగిరిపోతుంది. 1960ల మొదట్లో బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ రసాయనవేత్తలు నాఫ్తా అనే పెట్రోలియం ద్రవాన్ని సంస్కరించడానికి చేసిన ఉత్ప్రేరకంలో దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు. పొటాష్‌ను అల్యూమినాతో, సిలికాతో కలిసిన కాల్సిలైట్ అనే ఖనిజంగా బంధించారు. కొలిమిలోని ఆవిరీ, కార్బన్ డయాక్సైడూ ఆ ఖనిజాన్ని మెల్లమెల్లగా కరిగిస్తూ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పొటాష్‌ను విడిపిస్తాయి. పొటాష్ ఉన్న బిళ్లలను గొట్టం పొడవునా వేయరు. మీథేన్ చిక్కగా, హైడ్రోజన్ పలచగా ఉండి కార్బన్ పట్టే అవకాశం ఎక్కువున్న పై సగంలోనే వేస్తారు. కింది సగంలో మామూలు బిళ్లలే.

మూడో మూత వింతైనది. గంధకం నికెల్‌కు పక్కా విషం. అందుకే సహజవాయువును రిఫార్మర్‌కు పంపే ముందు కోబాల్ట్-మాలిబ్డినం ఉత్ప్రేరకం మీదుగా, జింక్ ఆక్సైడ్ పొరల గుండా పారించి, గంధకాన్ని కోటి పాళ్లలో ఒక పాలు కూడా మిగలకుండా తీసేస్తారు. అయితే డెన్మార్క్ రసాయనవేత్త యెన్స్ రోస్ట్రప్-నీల్సన్ ఒక సంగతి గమనించారు. మీథేన్‌ను సంస్కరించడానికి కొద్దిపాటి నికెల్ పరమాణువుల గుంపు చాలు, గ్రాఫైట్ పొర మొదలవడానికి మాత్రం అంతకంటే పెద్ద గుంపు కావాలి. కొలిచి, కొలిచి కాస్త గంధకం వేస్తే పెద్ద గుంపులన్నీ విడిపోతాయి, చిన్న గుంపులు మిగులుతాయి. పని నెమ్మదిస్తుంది, కార్బన్ మాత్రం పుట్టదు. 1980ల్లో అమెరికాలోని ఒక కర్మాగారంలో ఈ పద్ధతి నిజంగా నడిచింది. 1998లో డెన్మార్క్ వాళ్లే గంధకం పనిని బంగారంతో చేయించి చూశారు. నికెల్ ముద్దలో బంగారం కలవదు, ఉపరితలంలో మాత్రం కలిసి కూర్చుంటుంది. కార్బన్ గుంపులు కట్టే చోట్లనే ఆక్రమిస్తుంది.

ఆవిరి బదులు కార్బన్ డయాక్సైడ్‌తో మీథేన్‌ను సంస్కరించే డ్రై రిఫార్మింగ్ మన ఊళ్లకు మరింత దగ్గరి విషయం. గోబర్ గ్యాస్‌లో నూటికి అరవై పాళ్ల మీథేన్, మిగతాదాంట్లో చాలా మటుకు కార్బన్ డయాక్సైడే. అంటే కథలాపూర్ మండలంలో ఏ పేడ తొట్టిలో ఊరే గ్యాస్‌ను తీసుకున్నా సింథసిస్ గ్యాస్‌కు కావలసిన రెండు ముడిసరుకులూ అందులోనే ఉన్నాయి. చిక్కేమిటంటే, కార్బన్‌ను కాల్చే ఆవిరి ఇందులో లేదు. వేడి కూడా ఇంకా ఎక్కువ కావాలి. మామూలు నికెల్ బిళ్ల ఇక్కడ త్వరగానే మసిబారిపోతుంది. అందుకే మన్నికకు సంబంధించిన కొత్త ఆలోచనలన్నీ దాదాపు ఈ చర్య చుట్టూనే పుడుతున్నాయి.

వాటిలో ఒకటి స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చింది. వాళ్లు నికెల్‌ను పీఠం మీద పూయలేదు. పెరోవ్‌స్కైట్ అనే ఆక్సైడ్ స్ఫటికాన్ని తయారుచేసేటప్పుడే దాని నిర్మాణంలోపల నికెల్‌ను కలిపేశారు. తర్వాత హైడ్రోజన్‌లో వేడి చేస్తే నికెల్ ఉపరితలానికి చేరి కణాలుగా పైకి తేలింది. ప్రతి కణమూ తాను మొలిచిన గుంతలో అడుగుభాగం దిగబడి ఉంటుంది. నేల మీద చల్లిన గింజకూ, నేలలోంచి మొలిచిన మొక్కకూ ఉన్న తేడా ఇది. అలా పాతుకున్న కణం పక్కకు పాకలేదు. కార్బన్ పోగు దాన్ని అడుగు నుంచి పెకలించలేదు. ఆ ప్రయోగాల్లో పోగులు తగ్గాయి, వచ్చినవి కూడా కణాన్ని ఎత్తకుండా పక్క నుంచి మొలిచాయి.

2020లో దక్షిణ కొరియాలోని కైస్ట్ బృందం మరో దారి తొక్కింది. మెగ్నీషియాను చూర్ణంగా కాక, అంచులు తీరిన ఘనాకార ఏకస్ఫటికాలుగా చేసి, వాటి మీద నికెల్‌తో పాటు కాస్త మాలిబ్డినం చేర్చారు. వేడెక్కగానే మూడు నానోమీటర్ల కణాలు ఎప్పట్లాగే పాకడం మొదలుపెట్టాయి. ఆ పాకుడును వాళ్లు ఆపలేదు. కణాలు మెగ్నీషియా స్ఫటికపు మెట్ల అంచులకు చేరి, అక్కడ కలిసి పదిహేడు నానోమీటర్లకు పెరిగి స్థిరపడ్డాయి. కార్బన్ మొదలయ్యే అంచులన్నీ అలా మూసుకుపోయాయి. కార్బన్ డయాక్సైడ్‌తో నడిపిన పరీక్షలో 850 గంటలు చురుకుదనం తగ్గకుండా పని చేశాయి. కదిలేదాన్ని కదలనిచ్చి, ఎక్కడికి చేరాలో ఆ చోటును మాత్రం ముందే సిద్ధం చేసి ఉంచారు. బట్టీలో స్పినెల్‌ను ముందే కూల్చేసిన పాత ఉపాయానికి ఇది దగ్గరి చుట్టమే.

హైదరాబాద్‌లోనూ ఈ దారిలో పని జరుగుతోంది. 1944లో మొదలై ఇప్పుడు ఐఐసీటీగా పేరున్న ప్రయోగశాలలో ఉత్ప్రేరకాల మీద దశాబ్దాల అనుభవం ఉంది. అక్కడి రసాయనవేత్తలు 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆవిరి గానీ, కార్బన్ డయాక్సైడ్ గానీ లేకుండా, సిలికా మీద నిలిపిన నికెల్‌తో మీథేన్‌ను నేరుగా హైడ్రోజన్‌గా, కార్బన్‌గా విడగొట్టారు. రిఫార్మర్‌లో ఎవరికీ అక్కరలేని కార్బన్ పోగు అక్కడ కోరి తెచ్చుకునే సరుకు. పోగు ఎంతసేపు ఎదిగితే నికెల్ అంత మన్నినట్టు లెక్క. ఐఐటీ హైదరాబాద్‌లో విద్యుత్ ప్లాస్మాతో మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌లను తక్కువ వేడిలో కలిపే ప్రయోగాలు సాగాయి. కొలిమి వేడే లేకపోతే నికెల్ పాకే బాధ చాలావరకు తప్పుతుందన్నది ఆ దారిలో ఆకర్షణ.

ప్రయోగశాలలో చిటికెడు పొడితో 850 గంటలు ఒక లెక్క. కర్మాగారంలో నాలుగైదేళ్లు మరో లెక్క. ఆ రెండింటి నడుమ ఉత్ప్రేరకాన్ని గొట్టాల్లోకి నింపే పని ఉంది. దాని గురించి రాసేవాళ్లు తక్కువ. బిళ్లలను పైనుంచి గొట్టంలోకి గుమ్మరిస్తే పన్నెండు మీటర్లు పడి పగిలిపోతాయి. పొడవాటి గుడ్డ సంచిలో నింపి, తాడుతో అడుగుదాకా దించి, అక్కడ మూతి విప్పి మెల్లగా వదలడం పాత పద్ధతి. ఇప్పుడు చాలా చోట్ల గొట్టం మధ్యలో కుచ్చులున్న తీగను వేలాడదీసి, బిళ్లలు వాటికి తగిలి వేగం తగ్గి దిగేలా చేస్తున్నారు. ప్రతి గొట్టానికీ నిండిన ఎత్తు కొలుస్తారు. గాలి పంపి, ఎంత అడ్డు తగులుతోందో మీటరులో చూస్తారు. సగటుకు అయిదు శాతం కంటే అటూ ఇటూ ఉంటే ఆ గొట్టాన్ని ఖాళీ చేసి మళ్లీ నింపుతారు. వందల గొట్టాలకు ఒక్కొక్కటిగా, ఒకే శ్రద్ధతో ఇది చేయాలి. గ్యాస్ ఎప్పుడూ అడ్డు తక్కువున్న దారి వెతుక్కుంటుంది. అడ్డు ఎక్కువున్న గొట్టానికి తక్కువ గ్యాస్ వెళ్లి, అది అందరికంటే ముందు కాలుతుంది.

కొలిమి నడుస్తున్నప్పుడు ఆ నింపుడు ఎలా ఉందో గోడలోని చూపుడు కిటికీలోంచి కంటికే కనిపిస్తుంది. అంతా సవ్యంగా ఉంటే గొట్టాలు పైనుంచి కిందికి ఒకే తీరుగా ముదురు ఎరుపు నుంచి నారింజకు మారుతూ నిలబడి ఉంటాయి. ఎక్కడైనా ఒక గొట్టం మీద చుట్టూ ఉన్నదానికంటే ప్రకాశంగా ఒక పట్టీ కనబడితే, ఆ ఎత్తున లోపలి బిళ్లలకు కార్బన్ పట్టిందనో, గంధకం తగిలిందనో, మధ్యలో ఖాళీ మిగిలిందనో అర్థం. అనుభవమున్న ఆపరేటర్లు ఆ మెరుపు ఏ ఎత్తున ఉందో చూసి కారణం పసిగడతారు. పైభాగంలో ఉంటే ముందు గంధకాన్ని అనుమానిస్తారు, మూడో వంతు ఎత్తు దిగాక ఉంటే కార్బన్‌ను.

ఇక్కడ పుట్టిన గ్యాస్ తర్వాత రెండో రిఫార్మర్‌లోకి వెళుతుంది. అక్కడ గాలి కలిసి కొంత మండి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, మిగిలిన మీథేన్ కూడా నికెల్ మీదే తీరిపోతుంది. ఆ గాలితోనే అమ్మోనియాకు కావలసిన నత్రజని వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఆవిరితో కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి వేరు చేస్తారు. రోజుకు 3850 టన్నుల యూరియా కావాలంటే దాదాపు 2820 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవసరం, అది ఇలా వేరుచేసినదే. మీథేన్‌లోని హైడ్రోజన్ అమ్మోనియాలోకి, దాని కార్బన్ కూడా యూరియాలోకి చేరుతుంది. 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని. వరి పిలకలు వేసే వేళ మడిలో పడేది అదే.

నాలుగైదేళ్లకు, బాగా నడిపితే ఇంకా ఆలస్యంగా, బిళ్లలను మార్చాల్సి వస్తుంది. చురుకైన నికెల్‌కు ఒక్కసారిగా గాలి తగిలితే భగ్గుమంటుంది. అందుకే ముందు ఆవిరి పంపి, నెమ్మదిగా ఆక్సైడ్‌గా మార్చి చల్లబరుస్తారు. ఆ తర్వాత పెద్ద వాక్యూమ్ గొట్టాలతో పైనుంచి పీల్చి తీస్తారు. తీసేటప్పుడు ఏ ఎత్తున ఉన్న బిళ్లలను ఆ ఎత్తు రాసిన డబ్బాలోనే వేస్తారు. ప్రయోగశాలలో వాటిని నొక్కి, ఎంత బరువుకు చితుకుతున్నాయో చూస్తారు. ఎక్స్-రేతో నికెల్ స్ఫటికాలు ఎంత పెరిగాయో కొలుస్తారు. పై బిళ్లల్లో గంధకం ఎంత చేరింది, మధ్య బిళ్లల్లో కార్బన్ ఎంత, పొటాష్ ఎంత మిగిలింది, అన్నీ వేరువేరుగా నమోదవుతాయి. కొత్త విడతకు పొటాష్ బిళ్లలను గొట్టంలో ఏ ఎత్తు దాకా నింపాలో ఈ డబ్బాల లెక్కలను చూసే నిర్ణయిస్తారు. పాత బిళ్లలను ఆమ్లంలో కరిగించి అందులోని నికెల్‌ను తిరిగి రాబడతారు.